బీరువాలో వానాకాలం

గోగులలంక ప్రభుత్వ జూనియర్ కళాశాలకి వానను కొలిచే డబ్బా వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టారు. కొట్టరూ మరి! ఆ కళాశాలకి అప్పటిదాకా పైనుంచి వచ్చినవల్లా మెమోలూ, స్లాబు పెచ్చులూ. పనికొచ్చే వస్తువంటూ ఒకటి రావడం అదే మొదలు.

డబ్బా చూడముచ్చటగా ఉంది. తళతళలాడే రేకు ఒళ్లు, నెత్తిన గరాటు, పొట్టలో సీసా, సీసాలో పడ్డ నీళ్లని కొలవడానికి గీతలున్న గాజు గొట్టం. కాగితాల్లో దాని పేరు వర్షమాపకం. భూగోళం చెప్పే త్రిమూర్తులు మాస్టారు రెయిన్ గేజ్ అన్నారు. అటెండరు వాన డబ్బా అన్నాడు. చివరికి అందరి నోళ్లలోనూ అటెండరు పెట్టిన పేరే నిలిచింది.

ఆ రోజున అందరికంటే ఎక్కువ సంబరపడింది సెకండియర్ లోవలక్ష్మి. భూగోళం గ్రూపులో ఉన్నదే గుప్పెడు మంది. తక్కినవాళ్లందరూ వేరే గ్రూపుల్లో సీటు దొరక్క ఇందులోకి జారినవాళ్లు. ఈ పిల్ల ఒక్కతే అడిగి మరీ చేరింది. లంకలో పుట్టిన పిల్ల. ఏటా గోదారి పిలవని చుట్టంలా వంటింట్లోకొచ్చి కూర్చుంటుంటే, ఈ చుట్టం ఎప్పుడొస్తుందో ముందే చెప్పే చదువు ఒకటుందని తెలిసి, ఇక ఆ చదువే చదవాలని పట్టుబట్టింది. పట్నంలో ఒక కాలేజీలో వాతావరణం కోర్సు ఉంది, హాస్టలు ఉచితం. ఒకటే షరతు. ఇంటర్లో భూగోళం ప్రాక్టికల్స్‌లో ఫస్ట్ క్లాసు రావాలి. రాకపోతే ఏమిటన్నది వాళ్లమ్మ సత్యవేణి ముందే తేల్చేసింది. ఆవిడ రొయ్యల షెడ్డులో రొయ్యలకి తలలు తీసే పని చేస్తుంది.

“సీటొస్తే ఎల్లు, నేనేం అడ్డురాను. రాలేదనుకో, మర్నాటి నుంచి నా పక్కన పీటేసుకుని కూకో. మేస్త్రీకి సెప్పుంచాను,” అంది.

రొయ్యకి తలకాయ తీయడం నామోషీ అని కాదు గానీ, లోవలక్ష్మికి తన తలకాయ వేరేచోట వాడుకోవాలని ఉంది.

ఇక డబ్బాని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. త్రిమూర్తులు మాస్టారు పిల్లల్ని వెంటబెట్టుకుని మైదానం నడుమకి పోయి, చెట్టు నీడా గోడ చాటూ లేని చోటు చూసి, మడమతో గుర్తు పెట్టారు. ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్ సుబ్బారాయుడు గారు వరండాలోంచి చూసి, పంచె ఎగ్గట్టి పరుగున వచ్చారు.

“ఏం చేస్తున్నారు మాస్టారూ?”

“ఇక్కడ పాతుదామనండి.”

“ఇక్కడా! నడిమైదానంలోనా! వానొస్తే తడిసిపోదూ?”

త్రిమూర్తులు మాస్టారు మెత్తటి మనిషి. పెద్దవాళ్లకి ఎదురుచెప్పాల్సి వస్తే ముందు చొక్కా గుండీలు సరిచేసుకుంటారు. సరిచేసుకుని, “తడవడానికేనండి అది,” అన్నారు.

ప్రిన్సిపాల్ గారు ఆయన వైపు జాలిగా చూసి, జేబులోంచి సర్క్యులర్ తీశారు. “‘ప్రభుత్వ సొమ్ముతో కొనబడిన సమస్త పరికరములను ఎండ, వాన, గాలి, ధూళి సోకకుండా తాళము గల స్థలమునందు భద్రపరచవలెను.’ సమస్త అన్నారు. వాన డబ్బా తప్ప సమస్త అనలేదు. అన్నారా?”

“అనలేదండి.”

ఆయన భయానికీ ఒక కథ ఉంది లెండి. కొన్నేళ్ల కిందట గాలి ఎటు వీస్తుందో చూపించే ఇనుప కోడిని మేడ మీద పెట్టించారు. ఆడిట్ వాళ్లు వచ్చి, ‘సదరు కోడి తనిఖీ సమయమున ఒక దిశయందు స్థిరముగా నిలువక అటునిటు తిరుగుచుండెను, కావున బిగింపు లోపము’ అని రాసి ఆయన జీతంలోంచి కోసేశారు. ఆ రోజు నుంచి ఆయన కళాశాలలో కదిలే వస్తువునీ తడిసే వస్తువునీ నమ్మడం మానేశారు. కోడిని కూడా దింపించి తీగతో కట్టించారు. ఇప్పుడది ఆఫీసు గదిలో ఈశాన్యం మూలకి చూస్తూ బుద్ధిగా ఉంటోంది.

అలా వాన డబ్బా స్టాఫ్ రూములో ఉక్కు బీరువా కింది అరలోకి వెళ్లింది. తాళం పడుతుంటే లోవలక్ష్మి ఉండబట్టలేక అడిగేసింది. “సార్, బీరువాలో వాన పడదు కదండీ?”

“పడకూడదనే కదమ్మా బీరువా కొన్నది!” అన్నారు ప్రిన్సిపాల్ గారు.

అంతటితో ఆగితే కథే లేదు. మంచి ఇత్తడి బిందెలు అటక మీద పెట్టుకునే ఇళ్లు ఎన్ని లేవు! కానీ వాన డబ్బా వెనకాలే ఒక పథకం కూడా వచ్చింది. దాని పేరు ‘నా వాన – నా బాధ్యత’. ప్రతి కళాశాలలో ఒక విద్యార్థి పొద్దున్నే వర్షమాపకం తెరిచి, పడ్డ వాన కొలిచి, ఫోటో తీసి యాప్‌లో పెట్టాలి. డబ్బాలో ఉన్నదే రాయాలి. లేనిది రాస్తే కల్పిత సమాచారం కింద చర్య. గోగులలంకలో ఆ బాధ్యత లోవలక్ష్మి నెత్తిన పడింది.

జూన్ పోయి జూలై వచ్చేసరికి ఆకాశానికి చిల్లుపడింది. రోజూ పొద్దున్నే పిల్ల మోకాళ్లదాకా బురద తొక్కుకుంటూ వచ్చేది. అటెండరు తాళం తీసేవాడు. బయట వరండా రేకుల మీద వాన డప్పులు కొడుతుంటే, ఆ పిల్ల డబ్బా పైకెత్తి, గరాటు తీసి, సీసాని గాజు గొట్టంలోకి వంచేది. ఒకసారి ఒక చచ్చిన సాలీడు పడింది. అంతకుమించి ఎప్పుడూ ఏమీ పడలేదు. జడలోంచి కారే నీళ్లు ఫోను మీద పడకుండా తుడుచుకుంటూ సున్నా అని కొట్టేది. ‘ధన్యవాదాలు, మీ వానకు మీరే బాధ్యులు’ అని యాప్ మెచ్చుకునేది.

ఒళ్లు మండింది లోవలక్ష్మికి. మండదూ! ఇంటికెళ్లి పెరట్లో పాలపొడి డబ్బా ఒకటి మూత తీసి పెట్టింది. అడుగు సమంగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఏదైనా వానని కొలుస్తుందనీ, లోపల నిలిచిన నీళ్ల లోతే వర్షపాతమనీ త్రిమూర్తులు మాస్టారే చెప్పారు. రోజూ ఆ డబ్బాలో స్కేలు దించి, ఎన్ని మిల్లీమీటర్లుంటే అన్నీ ప్రాక్టికల్ రికార్డులో రాసుకుంది. మాస్టారు ఆ రికార్డు దిద్దుతూ తల పైకెత్తలేదు.

“బాగా రాశావమ్మా,” అన్నారు. తర్వాత గుండీలు సరిచేసుకున్నారు. “ఇంత బాగా రాయకుండా ఉండాల్సింది.”

ఆగస్టులో జిల్లా భూగోళ చైతన్య సమన్వయాధికారి గారు గోగులలంకకి దయచేశారు. జీపు రాలేక రోడ్డు మొదట్లోనే ఆగిపోతే, ట్రాక్టరు మీద నిలబడి, రెయిన్‌కోటు తొడుక్కుని, దాని మీద గొడుగు కూడా వేసుకుని వచ్చారు. వచ్చీ రావడంతోనే ప్రిన్సిపాల్ గారికి శాలువా కప్పారు. కళాశాలంతా నోళ్లు వెళ్లబెట్టి చూసింది.

“ఈ జిల్లాలో ఎన్నో కళాశాలలు డేటా పంపుతున్నాయి,” అని ఉపన్యాసం ఎత్తుకున్నారాయన. “ఏం డేటా అది? ఒకరోజు పది అంటారు, మర్నాడు అరవై అంటారు, ఆ మర్నాడు ఏమీ లేదంటారు. నిలకడ ఏదీ? జవాబుదారీతనం ఏదీ? గోగులలంక చూడండి. మొదటి రోజు ఏ మాట అన్నారో ఈ రోజు వరకూ అదే మాట మీద నిలబడ్డారు. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ కాలేదు. గణాంక క్రమశిక్షణ అంటే ఇదీ!”

చప్పట్లు మోగాయి. వాన హోరులో అవి సరిగ్గా వినపడలేదు గానీ, మోగాయి. లోవలక్ష్మి లేచి నిలబడింది.

“సార్, మీరు గొడుగేసుకుని వచ్చారు కదండీ…”

సమన్వయాధికారి గారు చిరునవ్వు నవ్వారు. ఇలాంటి సందేహాలు చిన్నపిల్లలకి సహజమన్నట్టు నవ్వారు. “చూడమ్మా. గొడుగు తడవడం అనేది స్థానిక పరిశీలన. సున్నా అనేది వ్యవస్థాగత పరిశీలన. స్థానికమెప్పుడూ వ్యవస్థాగతానికి లోబడి ఉంటుంది.”

“మా ఇంట్లో డబ్బా పెట్టి కొలుస్తున్నానండి. నిన్న ఒక్కరోజే తొంభై దాటింది.”

“దానికి స్టాకు నంబరుందా?”

“లేదండి. పాలపొడి డబ్బా.”

“అయితే అందులో ఉన్నది వాన కాదు తల్లీ. నీళ్లు.”

ఆయన వెళ్లిన వారంలో జిల్లాలూ సరిహద్దులూ దాటి ఒక ఉత్తర్వు పోయింది. అన్ని కళాశాలల్లోనూ వర్షమాపకాలను ‘గోగులలంక నమూనా’ ప్రకారం బీరువాలో భద్రపరచి డేటా నాణ్యతను పెంపొందించవలెనని. ఎగువనున్న ఊళ్లలో కూడా మైదానాల్లో పాతిన డబ్బాలు పీకి, తుడిచి, లోపల పెట్టి తాళాలేశారు. డేటా నాణ్యత అమాంతం పెరిగిపోయింది. ఎక్కడ చూసినా సున్నాయే.

ఇన్ని సున్నాలు పోగుపడ్డాక ఎవరో ఒకరు కూడక మానరు కదా! కూడారు. సీజను మొత్తం మీద గోగులలంకలో చినుకు రాలలేదని తేలింది. పైవాళ్లు గుండెలు బాదుకుని, అన్నిటికంటే నిలకడగా ఎండిపోయిన ఊరని, ముందుగా గోగులలంకని కరువు ప్రాంతం కింద ప్రకటించేశారు.

మంచినీళ్ల ట్యాంకరు వచ్చింది. ఊరి మొగలో వరదనీళ్లలో దిగబడిపోయింది. దాన్ని తేల్చడానికి ఊరి జనమంతా నడుం లోతు నీళ్లలోకి దిగి తాళ్లేసి లాగారు. పశువులకి ఎండుగడ్డి వచ్చింది, దించేలోగానే నానిపోయింది. కరువు పరిశీలన బృందమైతే పడవలోనే వచ్చింది. అందులో ఒక అధికారి గారు పడవ అంచు మీదికి వంగి, మునిగిన వరిచేలో గట్టు మీద నిలబడ్డ రైతుని అడిగారు.

“నేల ఏ మేరకు నెర్రెలిచ్చింది?”

“ఏమో బాబూ, నీళ్లకింద ఉంది కదండి, కనపట్లేదండి.”

‘నెర్రెలు గుర్తింపశక్యము కానంత తీవ్రముగా ఉన్నవి’ అని రాసుకుని పడవ తిప్పించారు.

ఇంత తమాషా జరుగుతుంటే ఊళ్లోవాళ్లు ఏమీ అనలేదా అని మీరడగొచ్చు. అనలేదు. సర్పంచి పెదకాపు గారు ఒకనాటి సాయంత్రం లోవలక్ష్మి వాళ్ల అరుగు మీద వచ్చి కూర్చుని, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు.

“అమ్మాయ్ లోవా, నీ డబ్బా యవ్వారం ఎవళ్ల దగ్గరా ఎత్తకమ్మా. చేలన్నీ ములిగిపోయాయా, వరదకి ఏవన్నా ఇప్పించండి బాబూ అని ఎన్నిసార్లు తిరిగానో నీకు తెల్దు. వానే పడందే వరదెక్కడిదన్నారు. ఆయ్! మరి కరువు కింద అడక్కుండానే పెడతన్నారు. ములిగినోడికి ఏ కట్టె అయితేనేంటి? నువ్వు గానీ నిజం సెప్పేవనుకో, ఉన్న కరువు కూడా పోద్ది.”

అబద్ధం చెప్పేవాళ్లని తిట్టొచ్చు. నిజం చెబితే తిండి పోతుందనేవాళ్లని ఏమని తిడతారు?

అంతలో ప్రాక్టికల్స్ వచ్చిపడ్డాయి. మామూలుగా అయితే చలికాలం చివర్లో జరగాలి. ఆ ఏడాది పరీక్షల మండలికి కొత్త ఊపు వచ్చింది. విద్య అనుభవాత్మకంగా ఉండాలని, వానపాఠం వానలోనే పరీక్షించాలని, భూగోళం ప్రాక్టికల్స్‌ని అక్టోబరుకి జరిపారు. పైగా ఒక నియమం చేర్చారు. విద్యార్థి రికార్డులోని వర్షపాతం, యాప్‌లోని వర్షపాతం అక్షరాలా సరిపోవాలి. సరిపోకపోతే రికార్డు మార్కులూ లేవు, వైవా మార్కులూ లేవు.

త్రిమూర్తులు మాస్టారు కొత్త రికార్డు పుస్తకం ఒకటి తన డబ్బుతో కొని తెచ్చి లోవలక్ష్మి చేతిలో పెట్టారు.

“తిరగరాసెయ్యమ్మా. సున్నాలే కదా, ఎంతసేపు పడుతుంది? నీ సీటు కంటేనా?”

“మీరే కదండీ కొలవడం నేర్పింది.”

“నేర్పాను. కాదనను.” అన్నారాయన. “నాకు ధైర్యం ఉండుంటే ఆ మైదానంలోనే పాతేవాణ్ని. నాకు లేదు. నాకు లేనిదానికి నువ్వు షెడ్డుకి పోకూడదమ్మా.”

పుస్తకం తీసుకుని ఇంటికి పోయింది. దీపాలు పెట్టే వేళకి చూరు కింద పీట వేసుకుని మొదలుపెట్టింది. సున్నా, సున్నా, సున్నా. జూన్ గడిచింది. జూలై మొదటి వారంలో ఒక తేదీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ రోజునే కదా పొయ్యి మునిగిపోయి అటుకులు నానబెట్టుకుని తిన్నది! దాని తర్వాతి సున్నా రోజున మేకని మంచం మీదికెక్కించి, తనూ అమ్మా గోడ పట్టుకుని నిలబడ్డారు. మేక రాత్రంతా హాయిగా నిద్రపోయింది కూడాను. ఇన్ని రోజులు ఒంటి మీద పడ్డదాన్ని తన చేత్తోనే పడలేదని రాయడమా! కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. ఏడ్చి, ముక్కు చీది, కొత్త పుస్తకాన్ని అటక మీద పారేసింది. పాతదాన్నే ప్లాస్టిక్ సంచిలో చుట్టి పరీక్షకి సిద్ధం చేసుకుంది.

“ఏటే, రాసేవా?” అంది సత్యవేణి.

“లేదమ్మా. ఉన్నదే పట్టుకెళ్తాను.”

సత్యవేణి పక్క దులుపుకుంది. “మేస్త్రీకి సెప్పింది సెప్పినట్టే ఉంచుతాను మరి,” అని పక్కకి తిరిగి పడుకుంది.

పరీక్షనాడు వాయుగుండం పట్టింది. కళాశాలలోకి నీళ్లొచ్చేశాయి. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారిని అందరూ ఎక్స్‌టర్నల్ అంటారు. ఆ ఎక్స్‌టర్నల్ గారిని నలుగురు కలిసి ఎత్తుకొచ్చి స్టాఫ్ రూములో బల్ల మీద కూర్చోబెట్టారు. ఆయన ప్యాంటు మోకాళ్లపైకి మడుచుకుని, బూట్లు మెడలో వేసుకుని, ఒళ్లో ట్యాబు పెట్టుకున్నారు. స్లాబులోంచి బొట్టు బొట్టుగా ఆయన బట్టతల మీద పడుతోంది. పడినప్పుడల్లా రుమాలుతో ఒత్తుకుంటున్నారు. త్రిమూర్తులు మాస్టారు ఇంటర్నల్. ఆయన పక్క బల్ల మీద కూర్చున్నారు. పిల్లలు నీళ్లలో నిలబడ్డారు.

“మొదట ఈ రోజు వర్షపాతం,” అన్నారు ఎక్స్‌టర్నల్.

అటెండరు బీరువా తలుపు లాగాడు. నీళ్లు భళ్లుమని బయటికి దూకాయి. కింది అరలో వాన డబ్బా నిలువునా మునిగి ఉంది. లోవలక్ష్మి పైకి తీసి గరాటు ఊడదీసింది. సీసా మూతి దాకా నీళ్లు! నాలుగు నెలల్లో మొదటిసారి ఆ సీసా నోరు తడిసింది.

ప్రిన్సిపాల్ గారు గుమ్మం పట్టుకుని తూలిపోయారు. “నిండిపోయింది! యాప్‌లో పెడితే కరువు ఎగిరిపోతుంది! ట్యాంకర్లు, గడ్డి, నా శాలువా… అన్నిటికీ సంజాయిషీ అడుగుతారు బాబోయ్!”

ఎక్స్‌టర్నల్ గారు చెయ్యెత్తి ఆయన్ని ఆపారు. ఇరవై ఏళ్లుగా భూగోళం బోధిస్తున్న మనిషి. సమస్యని శాస్త్రీయంగా పరిశీలించారు. “కంగారు పడకండి. వర్షపాతం అనగానేమి? పైనుండి కిందికి పాతము చెందునది. ఈ నీరు ఎటు నుంచి వచ్చింది? కింది నుంచి. నేల మీదుగా నడిచి వచ్చి బీరువాలో ప్రవేశించింది. ఇది పాతం కాదు, ప్రవేశం. కాబట్టి వర్షపాతం?”

“సున్నా!” అన్నారు ప్రిన్సిపాల్ గారు, కళ్లనీళ్లు పెట్టుకుని.

నిండు సీసా ఫోటో తీసి పక్కన సున్నా కొట్టారు. యాప్ ధన్యవాదాలు చెప్పింది.

ఇక వైవా. మొదటి పిలుపు లోవలక్ష్మిదే. ఎక్స్‌టర్నల్ ఆమె రికార్డు తెరిచి, ట్యాబు పక్కన పెట్టి ఒక్కో పేజీ తిప్పారు. నొసలు ముడిపడింది. ముడి బిగిసింది. అయినా ఆయన చెడ్డవాడు కాదు, పిల్లకి ఒక దారి ఇద్దామనుకున్నారు.

“సరేనమ్మా. రికార్డు సంగతి తర్వాత చూద్దాం. ఒకే ఒక్క ప్రశ్న. ఈ ప్రాంతంలో వర్షపాతం సున్నా అని ఇప్పుడే చూశాం. మరి ఈ గదిలో మన చుట్టూ ఉన్న నీరు ఎక్కడిది? శాస్త్రీయంగా వివరించు, ఫస్ట్ క్లాసు నీదే.”

త్రిమూర్తులు మాస్టారి ముఖం వెలిగింది. ఎగువ వాన అని చెప్పమ్మా అన్నట్టు కళ్లతోనే సైగ చేశారు. అదైతే పాఠంలో ఉంది, సగం నిజం కూడాను, ఎవరికీ నొప్పి లేదు. లోవలక్ష్మి ఒక్క క్షణం తటపటాయించింది. షెడ్డు గుర్తొచ్చింది, మంచు పెట్టెల వాసన గుర్తొచ్చింది.

“ఎగువన పడిన వాన నది గుండా వచ్చి ఉండొచ్చండి,” అంది మెల్లగా.

“శభాష్! చూద్దాం,” అని ఎక్స్‌టర్నల్ ట్యాబులో ఎగువ కళాశాలలన్నీ వరసగా నొక్కారు. నొక్కేకొద్దీ ఆయన ముఖం పాలిపోయింది. “సున్నా. సున్నా. ఇక్కడా సున్నాయే. ఎగువన కూడా ఎక్కడా వాన లేదమ్మా. అన్నీ మీ నమూనాయే.”

బయట రేకుల మీద వాన వాయిస్తూనే ఉంది. ఈసారి నీళ్లబొట్టు ఎక్స్‌టర్నల్ గారి ముక్కు మీద పడింది.

“మరి ఎక్కడిది?” అన్నారాయన. పరీక్షాధికారిలా అడగలేదు. నిజంగా తెలియని మనిషి అడిగినట్టే అడిగారు.

లోవలక్ష్మికి ఇక భయం లేకపోయింది. చెప్పకూడని నిజం చెప్పకుండా చూసింది, చెప్పదగ్గ సగం నిజం కూడా చెల్లలేదు. ఇక మిగిలింది ఒకటే.

“బీరువా బయట పడిందండి.”

“ఏమిటి?”

“వానండి. అంతా బీరువా బయట పడింది.”

ఎక్స్‌టర్నల్ గారు సిలబస్ తెరిచారు. వర్షమాపకం అన్న అధ్యాయం ఆమూలాగ్రం తిరగేశారు. అట్ట కూడా చూశారు. చివరికి పుస్తకం మూసి పెదవి విరిచారు. “బీరువా బయట పడిన వాన సిలబస్‌లో లేదు. సారీ అమ్మా.” జేబులోంచి పెన్ను తీసి, మార్కుల గడిలో గుండ్రంగా గీయబోయారు.

త్రిమూర్తులు మాస్టారి చేతులు అలవాటుగా గుండీల మీదికి వెళ్లాయి. వెళ్లి, ఏం తోచిందో, వాటిని వదిలేశాయి. ఆయన బల్ల దిగి నీళ్లలో నిలబడ్డారు.

“ఆగండి సార్. సిలబస్‌లో లేదన్నారు కదండీ?”

“లేదు.”

“మరి మీరడిగిన ప్రశ్నకి జవాబు సిలబస్‌లో లేకపోతే, ప్రశ్న కూడా సిలబస్ బయటిదే కదండీ?”

ఎక్స్‌టర్నల్ గారి పెన్ను గాల్లో ఆగిపోయింది.

“సిలబస్ బయటి ప్రశ్న వస్తే,” అన్నారు మాస్టారు, జీవితంలో మొదటిసారి గొంతు పెంచి, “జవాబు చెప్ప ప్రయత్నించిన ప్రతి విద్యార్థికీ పూర్తి మార్కులు కలపవలెను. మీ మండలి నిబంధనే. ఈ పిల్ల రెండుసార్లు ప్రయత్నించింది!”

నిబంధన అన్న మాట చెవిన పడగానే ప్రిన్సిపాల్ గారు అసంకల్పితంగా నిటారుగా నిలబడ్డారు. ఎక్స్‌టర్నల్ గారు తడి రుమాలుతో తల తుడుచుకున్నారు. వాన పడిందని ఒప్పుకోవడం ఆయన వల్ల కాదు. నిబంధన ఉందని ఒప్పుకోకపోవడమూ ఆయన వల్ల కాదు.

“ఉంది,” అన్నారు నీరసంగా. “ఉన్నమాట నిజమే.”

“రికార్డు కూడా చూడండి. అందులో రాసిందంతా బీరువా బయట పడిన వానే. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా సిలబస్ బయటిదే!”

“అయితే దానికీ కలపాలి,” అన్నారు ఎక్స్‌టర్నల్, ఇప్పుడు కాస్త ఉత్సాహంగానే. నిబంధన దొరికాక మనిషికి ఊపిరాడుతుంది మరి. మార్కుల గడిలో పూర్తి మార్కులు వేశారు. కారణం అన్న గడిలో ‘అడిగిన ప్రశ్న సిలబస్సునకు వెలుపల పడినది’ అని రాసి, చుట్టూ అందంగా గీత గీసి సంతకం పెట్టారు. సంతకం మీద ఒక బొట్టు పడి అలుక్కుపోయింది. దాన్ని ఆయన గానీ ఇంకెవరు గానీ చూసినట్టు కనపడలేదు.

లోవలక్ష్మి బయటికొచ్చింది. సంతోషంగానే ఉంది. ఆ సంతోషం అడుగున కాస్త మంట కూడా ఉంది. నాలుగు నెలలు కొలిచిన వానకి ఒక్క మార్కూ రాలేదు. వచ్చినవన్నీ ప్రశ్న తప్పయినందుకు వచ్చినవే. అయినా సీటు సీటే కదా, దానికి ఏడవడం ఎందుకని ముఖం తుడుచుకుంది. ముఖం మీద ఉన్నది వానో కన్నీళ్లో, స్టాకు నంబరు లేనివి గనక ఎవరూ తేల్చలేరు.

గేటు దగ్గర సత్యవేణి నిలబడి ఉంది. షెడ్డుకి సెలవు పెట్టి వచ్చింది. నెత్తిన ఏదో మూట, చంకలో మడిచిన గొడుగు.

“ఏటడిగేరే?”

“వాన ఎక్కడ పడిందని అడిగారమ్మా.”

“సెప్పేవా?”

“చెప్పాను. అలాంటిది సిలబస్‌లోనే లేదంట. మార్కులు మాత్రం మొత్తం వేశారు. సీటొచ్చేస్తుందమ్మా!”

సత్యవేణి కూతురి చెంప మీద చెయ్యేసి గట్టిగా నొక్కింది. ఆ చేతికి రొయ్యల వాసన ఎప్పుడూ పోదు. మేస్త్రీ సంగతి ఎత్తనే లేదు.

“సర్లే, ఏడుపులు ఇంటికెళ్లేక ఏడుద్దాం,” అంది కళ్లొత్తుకుంటూ. “ముందు ఈ గొడుగు మూట మీద పట్టు. ఇయ్యాలే ఇచ్చేరు, కరువు బియ్యం. తడిసిపోతన్నాయి.”

లోవలక్ష్మి గొడుగు విప్పి మూట మీద పట్టింది. ఆ గొడుగు కింద బియ్యం మాత్రమే పట్టాయి. తల్లీ కూతుళ్లిద్దరూ ముద్దముద్దగా తడుస్తూ, బియ్యం జాగ్రత్త అని ఒకరికొకరు చెప్పుకుంటూ ఇంటికి నడిచారు.